బడులు చూసివచ్చే వదిన

వదిన పోయిందన్న కబురు నాకు బడిలో, రెండో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తుండగా తెలిసింది. గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారని ఆయా వచ్చి చెబితే వెళ్లాను. మా పాత సందులో ఉండే ఆవిడ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"టీచరమ్మా, అక్క పోయింది. పొద్దుగాల చాయ తాగింది, గుండెల నొస్తుందన్నది. ఆటోల ఎక్కించినం. దవాఖాన దాక కూడ పోలే."

నేను మళ్లీ తరగతిలోకి వెళ్లాను. పిల్లలు ఏడో ఎక్కం మధ్యలో ఆగి నా వైపు చూస్తున్నారు. అది పూర్తిగా చెప్పించి, పక్క తరగతి టీచరుకు అప్పగించి బయలుదేరాను. మధ్యలో వదిలేసి వస్తే వదిన నన్ను లోపలికి రానివ్వదేమో అనిపించింది. ఆ సమయంలో మనిషికి ఏవేవో తోస్తాయి.

ఆమె మీకెవరికీ తెలియదు. పేపర్లో ఫోటో వచ్చే మనిషి కాదు. సూరత్‌లో లింబాయత్‌లో మేం మొదట అద్దెకు దిగిన ఇంట్లో మాది పైగది, ఆమెది కిందిల్లు. ఆమె భర్త సాంచాల కార్ఖానాలో కరెంటు మగ్గాలు నడిపేవాడు. మా ఆయన ఆయన్ని అన్నా అనేవాడు కాబట్టి ఆమె నాకు వదిన. అంతకుమించి చుట్టరికం లేదు. ఆమె ఊరు సిరిసిల్ల దగ్గర, మాది జగిత్యాల అవతల. రింగ్ రోడ్ మార్కెట్ల నుంచి వచ్చే చీరలకు ఇంట్లోనే కూర్చుని రాళ్లు అంటించేది. చాప మీద చీర పరిచి, వేలికి జిగురు అద్దుకుని, ఒక్కో రాయిని వేలికొసతో ఎత్తి పెడుతుండేది. మాట్లాడుతున్నా చెయ్యి ఆగేది కాదు. చదువు లేదు. సంతకం దగ్గర వేలిముద్ర వేసేది, దానికేమీ సిగ్గుపడేది కాదు.

అలాంటి మనిషి ఒక విద్యాసంస్కరణల సంస్థలో పన్నెండేళ్లకు పైగా పనిచేసిందంటే మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు. మందుల దుకాణం మీద రెండు గదుల ఆఫీసు ఉన్న చిన్న సంస్థ అది. పిల్లల్ని ఏ బడికి పంపాలో తల్లిదండ్రులే తేల్చుకోవాలి, అలా తేల్చుకునే వీలుండాలంటే బడులూ మారాలి అన్నది వాళ్ల వాదం. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు చట్టం ఇచ్చిన సీట్ల కోసం ఫారాలు నింపించేవాళ్లు. మున్సిపల్ బడుల్లో టీచర్లు చాలడం లేదని అర్జీలు పెట్టించేవాళ్లు. దాన్ని నడిపేది ఒక గుజరాతీ ఆవిడ. అందరూ ఆమెను బెన్ అనేవారు. మన వైపు అక్కా అన్నట్టు.

ఆ సంస్థ వాళ్లు మా సందుకు వచ్చి, మీ పిల్లవాడి బడిని ఎలా ఎంచుకున్నారని ఇల్లిల్లూ అడిగారట. వదిన కొడుకు అప్పటికే ఆరో తరగతిలో బడి మానేసి తండ్రితో కార్ఖానాకు పోతున్నాడు. వదిన రాళ్లు అంటిస్తూనే జవాబిచ్చిందట.

"నేను బడి చూడలే. గేటు చూసిన. గేటు మంచిగుంది, పంపిన."

రాసుకుంటున్న అమ్మాయి నవ్విందట. వదిన నవ్వలేదు. ఆ అమ్మాయి వెళ్లిపోయాక కూడా ఆ మాటే తనలో తిరుగుతూ ఉందని నాకు ఒకసారి చెప్పింది. వారం తరువాత తనే వెతుక్కుంటూ ఆఫీసుకు పోయి, "నాకేం పనున్నది ఈడ?" అని అడిగింది.

ఆమె పని బడులు చూసి రావడం. మధ్యాహ్నం చీరలు మడిచి పక్కన పెట్టి, షేర్ ఆటో ఎక్కి వెళ్లేది. బడి బయట బండి దగ్గర చాయ తాగుతూ నిలబడేది. వాచ్‌మన్‌తో మాట కలిపేది. లోపలికి పోనిస్తే నీళ్ల నల్లా తిప్పి చూసేది, మరుగుదొడ్డి తలుపుకు లోపలి గడియ ఉందో లేదో చూసేది. ఇంటిబెల్లు కొట్టేదాకా మాత్రం కదిలేది కాదు. "పిల్లలు లోపలికి పోంగ చూస్తె ఏం తెలుస్తది? అందరు ఏడ్సుకుంటనే పోతరు. బయటికొచ్చేటప్పుడు చూడాలె. ముచ్చట చెప్పుకుంట వస్తున్నరా, నోరు మూసుకొని వస్తున్నరా?" అనేది.

చూసి వచ్చినదంతా ఎవరో ఒకరు రాయాలి కదా. సాయంత్రాలు మెట్లెక్కి నా దగ్గరికి వచ్చేది. ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని. నేను పనిచేసేది మున్సిపల్ తెలుగు మీడియం బడిలో. మా పిల్లల్ని లాక్కుపోయే బడుల మంచీచెడ్డా నా చేతిరాతతోనే ఆఫీసుకు చేరేవి. మొదట్లో ఆ సంగతి నాకు తట్టనే లేదు.

ఒక రోజు ఆమె మా బడికే వచ్చింది. హెడ్మాస్టరును అడిగి నా తరగతిలో వెనక కింద కూర్చుంది. నేను ఆ పూట బాగా చెప్పానని అనుకున్నాను. సాయంత్రం మామూలుగానే పైకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

"రాయి. టీచరమ్మ మంచిగ చెప్తది. పాట గిట్ల పాడి చెప్తది. పిల్లలకు ఇష్టమే."

రాశాను.

"వెనక రెండు బెంచీల దిక్కు మాత్రం చూడది."

పెన్ను ఆపాను. "వదినా, అది నేనే."

"ఎరికే. రాయి."

రాశాను. ఆ రాత్రి ఆమె మీద కోపం వచ్చింది. మర్నాడు తరగతిలో వెనక బెంచీల వైపు చూశాను. అక్కడ కూర్చున్న ఒక పిల్లవాడికి బోర్డు సరిగ్గా కనిపించడం లేదని నాకు అప్పుడు తెలిసింది. జూన్ నుంచి ఉన్నాడు. అప్పుడు నవంబరు.

మా మధ్య నిజంగా మాటలు ఆగిపోయింది తరువాతి ఏడాది. ఆ జూన్‌లో మా సందు నుంచి ఒకటో తరగతికి రావలసిన పిల్లల్లో ఏడుగురికి ప్రైవేటు ఇంగ్లీషు బళ్లలో సీట్లు వచ్చాయి. ఏడు ఫారాలూ వదిన దగ్గరుండి నింపించినవే. మా ఒకటో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. సంఖ్య ఇంకా తగ్గితే రెండు తరగతులు కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. తెలుగు బడి మూతపడుతుందేమోనన్న భయం మాకు ఏటా ఉండేదే. ఈసారి దానికి కారణం మా కిందింట్లోనే ఉంది.

దిగి వెళ్లి గుమ్మంలో నిలబడే అడిగాను. "వదినా, నా పిల్లల్ని తీసుకుపోతే నేను ఎవరికి చెప్పాలి చదువు?"

ఆమె చీర మీద నుంచి తల ఎత్తింది. "నీ పిల్లలేంది టీచరమ్మా? వాళ్ల అమ్మల పిల్లలు."

"మన భాష ఉండొద్దా ఈ ఊళ్ళో?"

"ఉండాలె. దానికోసం ఆ పోరగాండ్లే ఎందుకు కూసోవాలె? నీ బిడ్డ ఏ బళ్ల చదువుతుంది?"

నా బిడ్డ ఇంగ్లీషు బడిలోనే చదువుతోంది. పైకి వచ్చేశాను. ఆ తరువాత నాలుగు నెలలు ఆమె మెట్లెక్కలేదు, నేను రాసిపెట్టలేదు. ఒకే నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ మాట్లాడకుండా ఉండేవాళ్లం.

ఆ ఏడుగురిలో శ్రావణి అనే పిల్ల ఉంది. మూడిళ్ల అవతల వాళ్లది. తండ్రి మగ్గాలు నడుపుతాడు, తల్లి చీరల దారాలు కత్తిరిస్తుంది. సందులో ఎవరు పోతున్నా ఆపి పలకరించే పిల్ల. ఆటోవాళ్లతో హిందీ, పక్కింటి వాళ్లతో గుజరాతీ, మాతో తెలుగు. సంస్థ ఆ ఏడాది అచ్చు వేసిన పుస్తకం అట్ట మీద టై కట్టుకుని నవ్వుతున్నది ఈ పిల్లే.

సీటు ఇప్పించాక వదిన పని అయిపోయినట్టే. ఆఫీసు లెక్కలో అంతే. కాని ఆమె వారానికొకసారి ఆ బళ్ల చుట్టూ తిరుగుతూనే ఉండేది. దీపావళి సెలవుల తరువాత ఒక సాయంత్రం మెట్ల మీద అడుగులు వినిపించాయి. వచ్చి ఎప్పుడూ కూర్చునే గోడ దగ్గరే కూర్చుంది.

"ఆ శ్రావణిని జర చూడు టీచరమ్మా. బడి విడిచిపెట్టినంక గల్లీ దాక వెంట నడిచిన. ఒక్క మాట మాట్లాడలే."

"జ్వరమేమో."

"మూడు వారాల సంది చూస్తున్న. జ్వరం కాదు."

మర్నాడు ఆ పిల్లను పైకి పిలిపించాను. ముందు పలక పెట్టాను. ముట్టుకోలేదు. పాట మొదలుపెట్టాను. నా నోటి వైపు చూస్తూ కూర్చుంది. మూడు భాషలు గలగలా మాట్లాడిన పిల్ల ఒక్క దాంట్లోనూ నోరు విప్పలేదు. నాకు భయం వేసింది. వదినకు మాత్రం భయం కాదు, ఇంకేదో. ఆ వారమంతా ఆమె రాళ్లు వంకరగా అంటించింది. ఒక చీర వెనక్కి వచ్చింది కూడా.

బడికి వెళ్లి టీచరుతో మాట్లాడింది. అలవాటవుతుంది, కాస్త ఓపిక పట్టండి అన్నారట. ఆ టీచరు చెడ్డదేం కాదని వదినే చెప్పింది. నిండా పిల్లలు, ఫ్రీ సీటు పిల్లలంతా ఒక వరసలో. ఇంగ్లీషులో అడిగితేనే బయటికి పంపుతారట. శ్రావణికి ఆ మాట రాదు. రెండుసార్లు తరగతిలోనే తడుపుకుంది. పిల్లలు నవ్వారు.

ఆదివారం పొద్దున వదిన నన్ను వెంటబెట్టుకుని శ్రావణి ఇంటికి వెళ్లింది. తండ్రి అప్పుడే లేచి చాయ తాగుతున్నాడు. వదిన నేరుగా చెప్పింది, పిల్లను టీచరమ్మ బడికి మార్చమని.

"ఏం మాట్లాడుతున్నవక్కా? నువ్వే కదా ఇప్పిచ్చినవ్? ఇడిస్తే మళ్ల ఆ సీటు దొరుకుతదా?"

"దొరకది."

"మరి? మేమెట్లనో సాంచాల మధ్యల చెవుడొచ్చి బతుకుతున్నం. ఇదన్న మంచిగుండాలె కదా."

"నువ్వు అనేది తప్పని నేనంటలేను తమ్మీ. అప్పుడు నిన్ను తొందరపెట్టింది నేను. పిల్లను అడగలే. ఇప్పుడు అడుగుదాం."

శ్రావణిని తన ముందు కూర్చోబెట్టుకుంది. బడి బాగుందా, ఇష్టమా అని అడగలేదు. "మీ టీచర్ పేరేంది బిడ్డా?" అంది, అంతే.

పిల్ల చాలాసేపు తండ్రి గ్లాసు వైపు చూసింది. తరువాత మెల్లగా, "నాకు తెల్వది" అంది. కాసేపటికి, "ఆమెకు గూడ నా పేరు తెల్వది" అంది.

చాలా రోజుల తరువాత అది మాట్లాడిన మాటలు అవి. తల్లి లోపలికి వెళ్లిపోయింది. తండ్రి చాయ గ్లాసు కింద పెట్టాడు. సోమవారం తనే పిల్లను మా బడికి తీసుకొచ్చాడు. నా ముఖం చూడకుండా, "పేరు రాసుకోండి మేడం" అన్నాడు.

ఇక్కడితో అయిపోలేదు. ఆ నెలాఖరులో సంస్థ ఒక సభ పెట్టింది. అధికారులు, వేరే ఊళ్ల సంస్థల వాళ్లు వస్తున్నారు. వేదిక మీద శ్రావణీ వాళ్లమ్మా నిలబడాలని, వదిన వాళ్ల కథ చెప్పాలని ముందే అనుకున్నారు. పిల్ల బడి మారిందని వదిన చెప్పినప్పుడు బెన్ ముఖం వాడిపోయిందట. ఆమెను తప్పుపట్టలేను. ప్రైవేటు బడుల వాళ్లు ఆ సీట్లు ఎలా ఎగ్గొడదామా అని చూస్తుంటారు. పేద పిల్లలు ఇక్కడ ఇమడరు అనడానికి వాళ్లకు ఇదొక్కటి చాలు. ఏళ్ల తరబడి కోర్టులూ ఆఫీసులూ తిరిగి సంపాదించుకున్నది పోతుందేమోనని బెన్ భయం. ఆ పిల్ల సంగతి ఎత్తకుండా మిగతా ఆరుగురి గురించి చెప్పమంది. నిజంగానే ఆ ఆరుగురూ బాగా చదువుతున్నారు. అది కూడా అబద్ధం కాదు.

నేను హాలులో చివరి వరసలో కూర్చున్నాను. వదిన ముతక గులాబీరంగు చీర కట్టుకుని వచ్చింది. మైకు ముందు తన తెలుగు హిందీలో మొదలుపెట్టింది. ఆరుగురి పేర్లూ చెప్పింది, ఎవరు ఏం చదువుతున్నారో చెప్పింది. తరువాత కాస్త ఆగింది.

"ఏడో పిల్లకు నేను బడి తప్పు ఎంచిన. బడిది తప్పు కాదు, పిల్లది తప్పు కాదు. నేను ఆ పిల్లను అడగలే. పోవుడుకు మన దగ్గర ఫారం ఉన్నది. పోయినంక మంచిగ లేకుంటే తిరిగి వచ్చుడుకు ఫారం లేదు. తిరిగి రాలేనిదాన్ని ఎంచుకునుడు అని ఎట్లంటరు?"

ఈ అర్థం వచ్చే హిందీలో ఆమె అన్నది అది. హాలులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక అధికారి ఏదో రాసుకున్నాడు. వదిన దిగి వచ్చి నా పక్కన కూర్చుని, "నీళ్లున్నయా?" అని అడిగింది. సగం సీసా తాగేసింది.

తరువాత నెల రోజులు ఆమె ఆఫీసుకు పోలేదు, వాళ్లూ పిలవలేదు. చీరలు ఎక్కువ తెచ్చుకుని కూర్చుంది. నేను సాయంత్రాలు దిగివెళ్లి పక్కన కూర్చునేదాన్ని. పశ్చాత్తాపం ఉందా అని అడిగాను ఒకసారి. "మాట అన్నందుకు లేదు. బెన్ మంచిది, ఆమె మనసు నొచ్చింది, దానికున్నది" అంది.

ఒక మధ్యాహ్నం బెన్ తనే వచ్చింది. మా సందులోకి కారు రాదు. ఎండలో నడిచి వచ్చి, చీరల మధ్య చోటు చేసుకుని కింద కూర్చుంది. వదిన చాయ పెట్టింది. లేచేముందు బెన్, "ఆ ఫారంలో ఏమేం ఉండాలో నువ్వే చెప్పు" అంది హిందీలో. ఆ సాయంత్రం వదిన చెబుతుంటే నేను తెలుగులో రాశాను, ఆఫీసులో దాన్ని గుజరాతీలోకి మార్చుకున్నారు. మొదటి ప్రశ్న, పిల్లను అడిగారా అని. ఆనాటి నుంచి ఏ పిల్లకు సీటు ఇప్పించినా ఏడాదిపాటు ఎవరో ఒకరు వెళ్లి చూసివచ్చే ఏర్పాటు ఆ సంస్థలో ఉంది. తక్కిన ప్రపంచం ఏమీ మారలేదు. మా తరగతుల్లో ఇప్పటికీ ఏటా కొన్ని బెంచీలు ఖాళీ అవుతూనే ఉన్నాయి.

శ్రావణి మా బడిలో ఎనిమిది దాకా చదివింది. తొమ్మిదిలో ఎక్కడ చేరాలన్నప్పుడు వదిన మూడు బళ్లకు తిప్పింది, తను మాత్రం ప్రతిచోటా గేటు బయటే ఆగిపోయింది. "నువ్వు చూసి రా. నాకు చెప్పకు, మీ నాయినకు చెప్పు" అంది. పిల్ల గుజరాతీ మీడియం ఎంచుకుంది. మాకెవరికీ తట్టని ఆలోచన. ఈ ఊళ్లోనే బతకాలి కదా టీచర్, అంది నాతో.

మేం ఇప్పుడు సూరత్ అవతల కిమ్‌లో ఉంటున్నాం, మా ఆయన పని అక్కడికి మారింది. నేను రోజూ రైల్లో వచ్చిపోతాను. వదినను చివరిసారి చూసింది ఈ వేసవిలో, అడ్మిషన్ల రోజుల్లో. ఊరి నుంచి కొత్తగా వచ్చిన ఒక తల్లిని, ఆమె కూతురిని వెంటబెట్టుకుని మా బడికి వచ్చింది. ఆ పాపకు చెవులు సరిగ్గా వినిపించవు. మా ఒకటో తరగతికి ఇంకా ఇద్దరు చేరితేనే ఈ ఏడాది గండం గడుస్తుంది. వదిన పాపను నా ముందు కూర్చోబెట్టి ఊరుకుంది.

నేను ఆ పాపతో కాసేపు మాట్లాడి, తల్లితో చెప్పాను. ఇలాంటి పిల్లలకు చెప్పే టీచరు మా దగ్గర లేరు, ఫలానా మున్సిపల్ గుజరాతీ బడిలో ఉన్నారు, అక్కడికి తీసుకుపోండి అని. చిరునామా రాసి ఇచ్చాను. వదిన ఆ కాగితం తీసుకుని తల్లి చేతిలో పెట్టింది. నన్ను మెచ్చుకుంటుందేమోనని ఎదురుచూశాను.

"చాయ తాగిపిస్తవా?" అంది.

తాగి, గ్లాసు తనే కడిగిపెట్టి వెళ్లిపోయింది.

వదిన పోయిన పదో రోజున సెలవు పెట్టి వెళ్లాను. తాపీ నది ఒడ్డున చేయవలసినవన్నీ చేసి వదిన కొడుకు గుండుతో వచ్చాడు. అతనికిప్పుడు ముప్పై దాటాయి, తనే మగ్గాలు నడుపుతాడు. నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"అందరి పిల్లలకు బడులు చూసింది. నాకొక్కనికే చూడలే" అన్నాడు. కోపంగా అనలేదు. "ఒకసారి గదే అన్న అమ్మతోని. రెండు రోజులు అన్నం తినలే. మల్ల నేనెప్పుడు అనలే."

నేను అతని భుజం మీద చెయ్యి వేశాను. ఆ మాట అనే హక్కు అతనికుంది.

సందు నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. బెన్ కూడా వచ్చింది, తెల్లచీరలో, మా వాళ్ల మధ్య. రెండు వైపులా కార్ఖానాల్లో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి. పన్నెండు కావస్తుండగా ఒకావిడ గోడ గడియారం వైపు చూసి, కొంగు సర్దుకుని లేచింది. ఆమె వెనక ఇంకొకరు. పొద్దుటి బడులు వదిలే వేళ అది. ఒకరికొకరు చెప్పుకోకుండానే ఇద్దరూ ముగ్గురూగా లేచి, చెప్పులు వెతుక్కుని సందు చివరికి నడిచారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అక్కడ వాళ్లు విడిపోయారు. కొందరు కుడికి గుజరాతీ బడి వైపు, కొందరు రోడ్డు దాటి ఇంగ్లీషు బడి వైపు, నలుగురైదుగురు ఎడమకు మా బడి వైపు. ఎండలో చీరల రంగులు మూడు దారుల్లో కాసేపు కనబడ్డాయి. తరువాత ఆటోలు అడ్డం వచ్చాయి.